‘ఐన్’ అంటే కన్నేనా? ఒక్క అరబ్బీ మాట, ఇన్ని అర్థాలు

జగిత్యాల_గల్ఫ్

అందరికి నమస్తే. నేను యూఏఈల, అల్ ఐన్‌ల ఎలక్ట్రిషన్ పని చేస్తున్న. తొమ్మిదేండ్లయితున్నది. పనికి సరిపోయేంత అరబ్బీ మాట్లాడుత, కూడబలుక్కుంట చదువుత. ఒక మాట పది దినాల సంది నన్ను ఇడుస్తలేదు, అందుకే ఈడ అడుగుతున్న.

పోయిన నెల నాకు బిడ్డ పుట్టింది. ఇంటినుంచి ఫొటో వస్తె మా ఫోర్‌మన్‌కు చూపెట్టిన. ఆయన సిరియా మనిషి, హలబ్ దిక్కు. ఫొటో చూసి "ఐనీ అలేహా బార్దా" అన్నడు. ఐన్ అంటె కన్ను, ఐనీ అంటె నా కన్ను. అలేహా అంటె ఆమె మీద. బార్దా అంటె సల్లనిది, ఫ్రిజ్ నీళ్ళకు గూడ గదే మాట అంటరు. అన్నీ కూడితె "నా కన్ను ఆమె మీద సల్లగున్నది" అని అయితది. మంచి మాటే అనిపిచ్చింది గని, ఎందుకన్నడో సమజ్ కాలె. అడుగుదమంటె మొకమాటమయింది.

ఇగ ఆ మాట ఎంబడి పడ్డ. నేనుండే ఊరి పేరే అల్ ఐన్. ఊరికి కన్నని పేరేందంటె, కన్ను కాదు నీళ్ళ ఊట అన్నరు. కండ్ల దవాఖాన బోర్డు మీద ఉయూన్ అని ఉంటది. సెల్‌ల డిక్షనరీ తీసి చూస్తె కన్ను, ఊట, వేగులవాడు, బంగారం, అసలు వస్తువు, పెద్దమనిషి, సూర్యుడు... ఇంక కిందికి ఉన్నయ్, నేనే ఆపిన. ఒక్క మాటకు ఇన్నుంటె మనుషులు ఒకరిదొకరు ఎట్ల అర్థం చేసుకుంటరు? తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

రాజంపేట_నర్సమ్మ

అన్నా, పాపకు నా దీవెనలు. నేను కువైట్‌లో కండ్ల వార్డులోనే పని చేస్తాండా, పన్నెండేండ్లయింది. మీ ఫోర్‌మన్ అన్న మాట మా వార్డులో సిరియా, లెబనాన్ వాళ్ళ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అది దిష్టి మాటన్నా. భయపడేది కాదు, దిష్టి తగలకుండా అనే మాట.

మనింట్లో పసిబిడ్డను ఎవురన్నా "ఎంత ముద్దుగా ఉండాదో" అంటే అవ్వ వెంటనే చిటికెలు విరుస్తుంది కదా. అట్లాంటిదే. వాళ్ళకు దిష్టి కన్ను అంటే వేడి కన్ను, మంట కన్ను. "నా కన్ను చల్లనిది, నేను మెచ్చుకున్నా మీ బిడ్డకు ఏమీ కాదు" అని ఆయన ముందే మాటిచ్చినాడు.

ఇంకొకటి చెప్తా. కువైటీ పేషంట్ల దగ్గర ఏదన్నా అడిగితే "మిన్ ఉయూనీ" అంటారు, నా కండ్లనుంచి చేస్తాను అని. అంటే సంతోషంగా చేస్తానని అర్థం. వచ్చిన కొత్తలో ఆ మాట విని కండ్లు నొప్పి అంటాండారేమో అనుకొని చుక్కల మందు తెచ్చిచ్చినా.

ఉస్తాద్_మలక్‌పేట

జగిత్యాల భాయ్, ముబారక్. ఆడపిల్ల పుట్టిన ఇంటికి మంచి మాటతోనే మొదలుపెడదాం.

ముప్పై ఏళ్ళుగా పిల్లలకు అరబ్బీ చెబుతున్నాను. నానార్థాల పాఠం రాగానే ప్రతి ఉస్తాదూ ముందు ఎత్తుకునే మాట ఐన్. ఒకే మాటకు వేరువేరు అర్థాలుంటే అరబ్బీ వ్యాకర్తలు దాన్ని ‘ముష్తరక్’ అన్నారు, అంటే పంచుకోబడినది. అనేక అర్థాలు ఒకే శబ్దాన్ని ఉమ్మడి ఆస్తిలా పంచుకుంటాయన్నమాట.

కన్ను, ఊట అన్న రెండూ అరబ్బీ కంటే పాతవి. హీబ్రూలో ‘అయిన్’ అన్నా కన్నే, ఊటే. మృతసముద్రం ఒడ్డున ఐన్ గెదీ అనే చోటు ఉంది, దానికా పేరొచ్చింది అక్కడి ఊట వల్లే. పొడినేల నడుమ గుండ్రంగా, తడిగా, మెరుస్తూ ఉండేది ఊట. ముఖంలో అలాంటిది కన్ను. రెండింటినుంచీ నీళ్ళు వస్తాయి. ఎడారిలో బతికినవాడికి ఈ పోలిక ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఖురాన్‌లో రెండు అర్థాలూ పక్కపక్కనే దొరుకుతాయి. 5:45లో, అంటే ఐదో అధ్యాయం 45వ వాక్యంలో, "కన్నుకు కన్ను" అన్నచోట అదే ఐన్. 2:60లో మూసా ప్రవక్త (బైబిల్ మోషే) రాతిని కర్రతో కొడితే పన్నెండు ఊటలు ఉబికాయి, అక్కడా అదే ఐన్. చదివేవాడు ఎక్కడా తడబడడు. ఒకచోట ముక్కు, చెవి, పన్ను వరసలో ఉంది, ఇంకోచోట రాయి, నీళ్ళు, దాహం నడుమ ఉంది.

బహువచనాలు కూడా దారి చూపిస్తాయి. కళ్ళకీ ఊటలకీ ‘ఉయూన్’. పెద్దమనుషులైతే ‘ఆయాన్’. 1282లో చనిపోయిన ఇబ్న్ ఖల్లికాన్ రాసిన గొప్ప జీవితచరిత్రల సంపుటం పేరు ‘వఫయాతుల్ ఆయాన్’, ప్రముఖుల మరణాలు అని అర్థం. దాన్ని "కళ్ళ మరణాలు" అని ఎవరూ చదవరు.

ఇక మీ ఫోర్‌మన్ చల్లదనం. నర్సమ్మ చెల్లెలు చెప్పింది నిజం. దానికి ఇంకో పొర ఉంది. పాత అరబ్బీలో సంతోషాన్ని ‘ఖుర్రతు ఐన్’ అంటారు, కంటి చలువ. మూసా పసివాడుగా నదిలో కొట్టుకొచ్చినప్పుడు ఈజిప్టు రాజు ఫిరౌన్ భార్య "వీడు నాకూ నీకూ కంటి చలువ, చంపకండి" అంటుంది, 28:9. నాలుగు వాక్యాల తర్వాత, ఆ బిడ్డను కన్నతల్లికి తిరిగి అప్పగించినప్పుడు "ఆమె కన్ను చల్లబడేలా" అని వస్తుంది. ఆ రెండు చోట్లా ఒకే మాట. ఒకావిడ పెంచుకునే తల్లి, ఒకావిడ కన్నతల్లి. ఎప్పుడు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది.

ఎందుకు చల్లదనం అంటే నిఘంటుకారులు రెండు కారణాలు చెప్పారు. ఆనందబాష్పాలు చల్లగా, దుఃఖపు కన్నీళ్ళు వేడిగా ఉంటాయని ఒకటి. అందుకే శపించాలంటే "దేవుడు నీ కన్ను వేడెక్కించుగాక" అనేవారు. రెండోది, ‘ఖర్ర’ అంటే నిలకడగా ఉండటం కూడా. కోరుకున్నది దొరికాక కన్ను ఇంకెక్కడికీ పరిగెత్తకుండా దానిమీదే ఆగిపోతుంది.

తెనాలి_మాస్టారు

ఉస్తాద్ గారికి నమస్కారం. మీ వివరణ చదువుతూ ఉంటే మనవాళ్ళ మాటలే వినిపిస్తున్నాయి. "కన్నుల చలువ", "కళ్ళు చల్లబడ్డాయి", "కడుపు చల్లగా ఉండు" అన్నవి ఎండ మండే దేశంలో పుట్టిన దీవెనలు. మంచి చల్లగా ఉండటం అరబ్బులకూ మనకూ వాతావరణమే నేర్పింది.

నానార్థాల సంగతికి వస్తే, జగిత్యాల తమ్ముడు బెదిరిపోనక్కర్లేదు. మనకు అమరకోశంలో ఏకంగా నానార్థవర్గమే ఉంది. చిన్నప్పుడు వల్లెవేసినవాళ్ళకు ‘హరి’ శబ్దం గుర్తుంటుంది. యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప. అన్నీ హరే. అంతకంటే మన చర్చకు దగ్గరిది ‘గో’ శబ్దం. స్వర్గం, బాణం, పశువు, వాక్కు, వజ్రం, దిక్కు, నేత్రం, కిరణం, భూమి, జలం. గమనించారా, అక్కడ కూడా కన్నూ నీళ్ళూ ఒకే మాటలో ఇమిడాయి! నలభై ఏళ్ళు పిల్లలకు ఆ శ్లోకం చెప్పాను గానీ ఈ జంట నా కంట పడటం ఇవాళే.

వేగులవాణ్ణి కన్ను అనడం కూడా మనకు కొత్త కాదు. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెబుతాడు: ఆవులు వాసనతో చూస్తాయి, బ్రాహ్మణులు వేదాలతో చూస్తారు, రాజులు చారులతో చూస్తారు, మిగతా జనం కళ్ళతో చూస్తారు అని. వింటున్నది పుట్టు గుడ్డి రాజు. ఆ మాట అక్కడ ఎంత బరువుగా పడిందో ఆలోచించండి.

డాలస్_వేణు

అందరి పోస్టులూ చాలా ఇష్టంగా చదివాను. కానీ నాకో అనుమానం ఉంది, ఉస్తాద్ గారు తప్పుగా అనుకోకండి.

నేను భాషా సాంకేతికత మీద పని చేస్తాను. ఒక మాటకు పదుల అర్థాలు అని ఎవరైనా అంటే, నిఘంటుకారులు కూర్చి పెంచినవి ఎన్ని, నిజంగా జనం నోట ఉన్నవి ఎన్ని అని అడగాలనిపిస్తుంది. కన్ను, ఊట, దిష్టి, వేగు వరకు సరే. ఐన్ కింద "ఐదారు రోజులు ఆగకుండా కురిసే వాన", "కిబ్లా (నమాజుకు తిరిగే మక్కా) దిక్కునుంచి వచ్చే మబ్బు", "త్రాసులో ఒకవైపు మొగ్గు" కూడా రాశారు. ఇవన్నీ కలిపి "చూశారా, మా భాష ఎంత సంపన్నమో" అనడం సబబేనా? మన దగ్గర ‘హరి’ విషయంలోనూ ఇదే ప్రశ్న. బజారులో ఎవరూ కప్పను చూపించి హరి అనరు కదా.

ఉస్తాద్_మలక్‌పేట

వేణు భాయ్, తప్పుగా ఎందుకు అనుకుంటాను? ఈ ప్రశ్న వెయ్యేళ్ళ కిందటే బాగ్దాద్‌లో అడిగారు. 10వ శతాబ్దంలో ఇబ్న్ దురుస్తవైహ్ అనే వ్యాకర్త, ముష్తరక్ అని మీరు చూపించేవాటిలో చాలావరకు ముష్తరక్ కానే కాదన్నాడు. భాష పుట్టింది విడమరచి చెప్పడానికి, ఒకే మాటను విరుద్ధమైన వాటికి తగిలిస్తే అది చెప్పడం కాదు, కప్పిపుచ్చడం అన్నది ఆయన వాదం. లోతుగా చూస్తే అన్నిటి వెనకా ఒకే మూలార్థం ఉంటుందనేవాడు.

నా అభిప్రాయం ఇది. నిఘంటువులో వరసగా కనిపించే అర్థాలన్నీ ఒకే మనిషి నోట ఎప్పుడూ లేవు. 8వ శతాబ్దం నుంచి బస్రా, కూఫా పండితులు ఎడారి తెగల దగ్గరికి వెళ్ళి, వాళ్ళు అన్నది అన్నట్టు రాసుకొచ్చారు. ఒక తెగవాడు మబ్బును ఐన్ అన్నాడు, ఇంకో తెగవాడు నీళ్ళు మోసే తోలుతిత్తి అరిగి పలచబడ్డ చోటును అలా అన్నాడు, ఒక కవి ఒక్క పద్యంలో సూర్యబింబాన్ని అన్నాడు. తర్వాతివాళ్ళు వాటన్నిటినీ ఒకేచోట పోశారు. 1311లో చనిపోయిన ఇబ్న్ మన్‌జూర్ నిఘంటువు ‘లిసానుల్ అరబ్’లో ఈ మాట పేజీలకు పేజీలు సాగుతుంది. కనక ప్రతి అర్థానికీ ఒక సొంతదారు ఉన్నాడు. అతను ఎక్కడివాడు, దేన్ని చూస్తూ అన్నాడు అని అడిగితే గందరగోళం పోతుంది.

ఆ కిబ్లా మబ్బే తీసుకోండి. ఆ అర్థం ఇరాక్ వాళ్ళది. వాళ్ళకు మక్కా నైరుతి వైపు. మబ్బు ఆ దిక్కున లేస్తే వాన తప్పదని వాళ్ళ లెక్క. వానకు మూలం ఆ మబ్బు, నీటికి మూలం ఊట, అందుకని మబ్బు ఐన్ అయింది. మన రైతు "ఈశాన్యాన మెరిసింది" అన్నట్టే. ఆ మాటను తీసుకెళ్ళి హైదరాబాదులో వాడితే అర్థం ఉండదు, ఇక్కడ కిబ్లా పడమర.

త్రాసు సంగతి మాత్రం నాకూ గట్టిగా ముడి పడలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

డాలస్_వేణు

"ప్రతి అర్థానికీ ఒక సొంతదారు" అన్న మాటతో నా అనుమానం చాలావరకు తీరింది. అయితే ఇంకొకటి. బంగారం, నగదు, "అసలు వస్తువు" అన్న అర్థాలకు కంటినుంచి దారి ఎలా?

కర్నూలు_వకీలు

ఇది నేను చెప్పగలను. ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో ఐన్ లేకుండా బేరం లేదు, బాకీ లేదు.

కంటి ముందు నిలిచి ఉన్నది ఐన్. వేలుపెట్టి చూపించగలిగింది. "ఈ నల్ల గేదె" అంటే ఐన్. దానికి ఎదురు మాట ‘దైన్’, అంటే బాకీ, మాటమీద ఉన్నది. "పది బస్తాల వడ్లు ఇవ్వాలి" అంటే దైన్, ఏ బస్తాలు అన్నది ఇంకా లేదు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, అమ్మినవాడు అప్పగించకముందే ఆ నల్ల గేదె చచ్చిపోతే బేరం రద్దయినట్టే, ఇంకో గేదె తెచ్చి ఇవ్వమని అడగలేరు. వడ్లు అలా కాదు. గాదె తగలబడినా బాకీ బాకీగానే ఉంటుంది, అదే రకం ఇంకెక్కడినుంచైనా తెచ్చి తీర్చాలి. కోర్టులో ఇప్పటికీ "నిర్దిష్టమైన ఆస్తి", "సాధారణ బాకీ" అని మేం వాదించుకునేది దాదాపు ఇదే.

బాకీ కాక చేతిలో మెరుస్తూ కనపడే సొమ్ము కాబట్టి బంగారు దీనారు కూడా ఐన్ అయింది. "అదే, అచ్చంగా అదే" అనడానికి ‘బి ఐనిహీ’ అంటారు. ఉర్దూలో "ఐన్ వఖ్త్ పే" అంటే సరిగ్గా ఆ వేళకే.

నానార్థాలు పండితుల ముచ్చట మాత్రమే అనుకోకండి. ఒక మాటకు రెండర్థాలున్నందుకు ఆడవాళ్ళ జీవితాలు మారిన సందర్భం ఉంది. విడాకులైన స్త్రీ మూడు ‘ఖురూ’లు ఆగాలని 2:228 చెబుతుంది. అరబ్బీలో దాని ఏకవచనం ఖుర్ అంటే నెలసరి అనీ అర్థం ఉంది, రెండు నెలసరుల మధ్య శుద్ధి కాలమనీ అర్థం ఉంది. ఇస్లామిక్ న్యాయ సంప్రదాయాల్లో హనఫీలు నెలసరి అన్నారు, షాఫియీలు, మాలికీలు శుద్ధి కాలం అన్నారు. షాఫియీ లెక్కలో మూడో నెలసరి మొదలవగానే గడువు అయిపోతుంది. హనఫీ లెక్కలో ఆ మూడో నెలసరి ముగిసేదాకా ఆగాలి. కొన్ని రోజుల తేడానే. కానీ భర్త వెనక్కి తీసుకునే హక్కు ఆ రోజుల్లో ఉందా లేదా, ఆమె వేరే పెళ్ళి చేసుకోవచ్చా లేదా అన్నది దానిమీదే నిలబడుతుంది.

రెండు వైపులా సాక్ష్యం భాషనుంచే తెచ్చారు. ఆషా అనే పాత కవి, యుద్ధాలకు పోయి భార్యల ‘ఖురూ’లు పోగొట్టుకున్న వీరుణ్ణి పొగిడాడు. పోగొట్టుకున్నది కలిసి ఉండగలిగిన శుద్ధి కాలమే కదా అని షాఫియీ పక్షం. నెలసరి రోజుల్లో నమాజు మానమని చెప్పిన హదీసులో (ప్రవక్త మాటల్లో) ఇదే మాట ఉంది కదా అని హనఫీ పక్షం. మన దగ్గర ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు. హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ హద్రమౌత్‌నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు షాఫియీలు. ఒకే నగరంలో ఒకే మాటకు రెండు గడువులు నడుస్తున్నాయన్నమాట. అరబ్బీ మాట అర్థం నా వకాల్తాలో ఎందుకు అని జూనియర్లు అడిగినప్పుడల్లా నేను ఇదే చెబుతాను.

జగిత్యాల_గల్ఫ్

అమ్మా, చెప్పింది చదివి శానా సేపు ఊకున్న. కొన్ని దినాల తేడ అంటిరి గని, ఆ దినాలల్ల ఉన్నోళ్ళకు ఎంత పెద్దగనో.

ఒక ముచ్చట నాకు యాదికొచ్చింది. చెరుకు నాటేటప్పుడు మా బాపు "మూడు కండ్ల ముక్క కొట్టు" అనేటోడు. గడ మీద మొలక వచ్చే చోటు కన్ను. కొబ్బరికాయకు కండ్లు, నెమలీకకు కన్ను. మనకు గూడ కన్నంటె మొకం మీదిదే కాదు. గని మన తెలుగుల ఊటకు కన్ననుడు నేనెప్పుడు ఇనలె. బావిల ‘జల పడ్డది’ అంటం.

తెనాలి_మాస్టారు

తమిళంలో ఉంది తమ్ముడూ, ‘ఊట్రుక్కణ్’ అంటారు, ఊటకన్ను. ఫారసీలో ‘చష్మ్’ కన్ను, ‘చష్మా’ ఊట. ఉర్దూలో అదే చష్మా కళ్ళజోడు కూడా. తెలుగు మాత్రం ఇంకో దారిన పోయింది. ‘కను’ అంటే చూడటం, ‘కను’ అంటే బిడ్డను కనడం. కన్నతల్లి, కన్న కల, కన్నకొడుకు. ఊట బదులు పుట్టుక అక్కడికి చేరింది.

ఉస్తాద్ గారూ, ఒక సందేహం. మనం నల్లగుడ్డు మధ్యదాన్ని కనుపాప అంటాం, కంటిలోని పాప. ఎదుటివాడి కంట్లోకి చూస్తే మన బొమ్మ చిన్నగా కనిపిస్తుంది కనక ఆ పేరు. సంస్కృతంలో ‘కనీనిక’ అన్నా చిన్నపిల్లే. అరబ్బీలో దాన్నేమంటారు?

ఉస్తాద్_మలక్‌పేట

మాస్టారూ, ‘ఇన్సానుల్ ఐన్’. కంటిలోని మనిషి! మీకు పాప, మాకు ఇన్సాన్.

1165లో అందలూస్‌లోని, అంటే ఇప్పటి స్పెయిన్‌లోని, ముర్సియాలో పుట్టి 1240లో డమాస్కస్‌లో కన్నుమూసిన సూఫీ ఇబ్న్ అరబీ ఈ ఒక్క మాటమీద ఒక దర్శనమే నిలబెట్టాడు. ‘ఫుసూసుల్ హికమ్’ మొదటి అధ్యాయం ఆదమ్ గురించి. కంటికి కనుపాప ఎలాగో దేవుడికి మనిషి అలాగ, చూపు దాని ద్వారానే జరుగుతుంది కనక మనిషికి ఇన్సాన్ అని పేరొచ్చింది అంటాడు. మామూలు మాటను తిప్పి దాని లోపలి అర్థం చూపించాడు. దీనిమీద ఉలమాలు, అంటే మతపండితులు, శతాబ్దాలు పోట్లాడుకున్నారు, ఇప్పటికీ పోట్లాడుకుంటున్నారు.

దేవుడి ‘ఐన్’ అన్నచోట కూడా పెద్ద వాదమే ఉంది. 20:39లో మూసాతో "నా కంటి ముందు నువ్వు పెరగాలని" అంటాడు. దేవుడికి కన్నేమిటని, తర్కానికి పెద్దపీట వేసిన ముఅతజిలా పక్షంవాళ్ళు దాన్ని రక్షణ, శ్రద్ధ అని అర్థం చేశారు. "కన్ను అన్నాడు కనక నమ్ముతాం, ఎలాంటిదో అడగం" అన్నది ఇంకో పక్షం. నా మటుకు, తల్లి తన బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదిలిన సందర్భంలో ఆ మాట వింటే వాదం గుర్తురాదు.

రాజంపేట_నర్సమ్మ

సార్, దిష్టి సంగతి మీ గ్రంథాల్లో ఉందా, ఊరి నమ్మకమేనా? మా వార్డులో నీలం కన్ను బొమ్మలు తగిలించుకునేవాళ్ళు ఉండారు, అది పాపమని తిట్టేవాళ్ళూ ఉండారు.

ఉస్తాద్_మలక్‌పేట

ఉందమ్మా. "అల్ ఐను హఖ్" అన్న హదీసు బుఖారీ, ముస్లిం అనే ఇద్దరు పండితుల హదీసు సంపుటాలు రెండిటిలోనూ ఉంది, దిష్టి నిజం అని. ప్రవక్త అనుచరుడు సహ్ల్ ఇబ్న్ హునైఫ్ స్నానం చేస్తుంటే ఆమిర్ అనే అతను చూసి ఇంత నిగారింపు చర్మం ఎన్నడూ చూడలేదన్నాడు. సహ్ల్ అక్కడే పడిపోయాడు. ప్రవక్త ఆమిర్‌ను కోప్పడి, మెచ్చుకుంటూ దీవించి ఉండాల్సింది కదా అని, అతని చేత కడుక్కోమని చెప్పి, ఆ నీళ్ళు సహ్ల్ మీద పోయించారు. దిష్టి కన్నుకు మందు మళ్ళీ నీళ్ళే. తాయెత్తులు, బొమ్మలు మాత్రం చాలామంది ఉలమాలు వద్దంటారు. అందుకే మెచ్చుకున్నప్పుడు "మాషా అల్లాహ్" అంటాం.

మనవాళ్ళ ‘దిష్టి’ కూడా దృష్టినుంచి వచ్చిందే, హైదరాబాదులో ‘నజర్’ అంటే అరబ్బీలో చూపే. ‘నజరానా’ మాత్రం ఆ నజర్ కాదు. అది ‘నజ్ర్’, మొక్కుబడి. ఉర్దూలో పలికితే తేడా చెవికి ఆనదు, రాస్తే అక్షరం వేరు.

వరంగల్_పాతకాగితం

ఆలస్యంగా వచ్చాను. పాత దస్తావేజులు చదవడం నా పని. ఒక చిన్న చేర్పు. ఐన్‌నుంచే ‘తఅయ్యున్’ వచ్చింది, ఫలానావాడని వేలుపెట్టి చూపి నియమించటం. దాని బహువచనం ‘తఅయ్యునాత్’ ఫారసీ, హిందుస్తానీల మీదుగా ‘తైనాత్’ అయి తెలుగులోకి ‘తైనాతీ’గా దిగింది. "వాడు దొరగారి తైనాతీ" అంటాం కదా, అందులో ఉన్నది ఈ కన్నే. తనిఖీకి ఉర్దూ దఫ్తర్లలో ‘ముఆయినా’ అనేవారు, స్వయంగా కంటితో చూడటం. కళ్ళజోడును ‘ఐనక్’ అన్నదీ ఇక్కడిదే, అరబ్బీ ఐన్‌కు ఫారసీ తోక.

డాలస్_వేణు

అయితే ‘అయినవాళ్ళు’ కూడా...?

తెనాలి_మాస్టారు

కాదు నాయనా, అది మన ‘అగు’ ధాతువు. అయిన, అయినది, అయినవాళ్ళు. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కాదు.

వరంగల్_పాతకాగితం

ఇంకొకటి చెప్పాలి, మన నేలకు గర్వకారణం కనక. హైదరాబాదులో 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అచ్చువేయకపోతే చాలా పాత అరబ్బీ గ్రంథాలు రాతప్రతుల్లోనే ఉండిపోయేవి. 933లో చనిపోయిన ఇబ్న్ దురైద్ నిఘంటువు ‘జమ్‌హరతుల్ లుగా’ మొదటిసారి అచ్చయింది ఇక్కడే. చూపు ఎలా పనిచేస్తుందో వివరించిన ఇబ్నుల్ హైథమ్ గ్రంథానికి కమాలుద్దీన్ ఫారిసీ రాసిన వ్యాఖ్య ‘తన్‌ఖీహుల్ మనాజిర్’ కూడా 1920ల చివర ఇక్కడే అచ్చయింది. కంటినుంచి కిరణాలు బయటికి పోవు, వెలుగే కంట్లోకి వస్తుందని నిరూపించిన పరంపర అది. ఆ సంస్థ ఇప్పుడు ఉస్మానియా ఆవరణలో ఉంది. పక్కనే చదువుకున్న మనలో ఎంతమందిమి ఒకసారైనా లోపలికి వెళ్ళాం? ఇది నాకు మనసులో ముల్లులా ఉంటుంది.

ఉస్తాద్_మలక్‌పేట

శభాష్, నేను చెప్పాల్సింది మీరు చెప్పారు. నిఘంటువుల మాట వచ్చింది కనక, మొట్టమొదటి అరబ్బీ నిఘంటువు పేరే ‘కితాబుల్ ఐన్’. 8వ శతాబ్దంలో బస్రాలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ మొదలుపెట్టాడు. ఇక్కడ ఐన్ కన్ను కాదు, అక్షరం. అలిఫ్, బే వరస వదిలేసి, గొంతు లోతునుంచి పెదాల దాకా శబ్దాలు పుట్టే చోట్ల వరసలో మాటలు పేర్చాడు. అన్నిటికంటే లోతైనది హమ్జా అనే అక్షరం అయినా అది నిలకడ లేనిదని, గట్టిగా నిలిచే ఐన్‌ను ముందు పెట్టాడు.

తెనాలి_మాస్టారు

మన కచటతపల వరస కూడా గొంతునుంచి పెదాలకే! కంఠ్యం, తాలవ్యం, మూర్ధన్యం, దంత్యం, ఓష్ఠ్యం.

ఉస్తాద్_మలక్‌పేట

అవును మాస్టారూ. భారతీయ శబ్దశాస్త్రం చెవిన పడి ఉంటుందని కొందరు పండితులు ఊహించారు. రుజువు లేదు, నేను గట్టిగా అనను. ఆ అక్షరం మాత్రం నిజంగానే కంటినుంచి వచ్చింది. ఫినీషియన్ లిపిలో దాన్ని గుండ్రంగా, కంటిలా గీసేవారు. గ్రీకులు దాన్నే తమ ‘ఓ’ చేసుకున్నారు. ఇంగ్లిషు బడిలో పిల్లలు దిద్దే ‘ఓ’ అదే.

జగిత్యాల భాయ్, మీ ప్రశ్నకు జవాబు దొరికిందా?

జగిత్యాల_గల్ఫ్

దొరికింది ఉస్తాద్. ఇయ్యాల పొద్దుగాల చాయ్ తాగేటప్పుడు ధైర్యం చేసి మా ఫోర్‌మన్‌ను అడిగిన. వాళ్ళ నానమ్మ అనేదట ఆ మాట. పసిపిల్లలనే కాదు, ఈనిన మేకను చూసినా, పూత పట్టిన జైతూన్ (ఆలివ్) చెట్టును చూసినా ముందుగాల "ఐనీ బార్దా" అని, తర్వాతనే మెచ్చుకునేదట. ఆ ఇల్లు ఇప్పుడు లేదట, యుద్ధంల పోయిందట. ఇంటెనుక ఒక ఐన్ ఉండె, ఊట, అది గూడ ఉన్నదో లేదో తెల్వదన్నడు. "ఆ మాట మాత్రం నా నోట్లె ఉన్నది" అన్నడు.

నాకేమనాల్నో తోచలె. మనోళ్ళ మాటనే అరబ్బీల అన్న, "ఖుర్రతు ఐన్" అని, ఇక్కడ నేర్చుకున్నదే. ఆయన కొద్దిసేపు నా మొకం చూసి, బిడ్డ ఫొటో మల్ల చూపెట్టుమన్నడు.

శుక్రవారం సెలవు. ఇద్దరం కలిసి ఈడి ఊట ఐన్ అల్ ఫాయిదా దాకా పోయి వస్తం. నీళ్ళ ఫొటో ఈడ పెడత.

రాజంపేట_నర్సమ్మ

పెట్టన్నా. పాపది కూడా పెట్టు, మా కండ్లు చల్లనివే.